తుపాకి ఇచ్చెయ్యి నాన్నా

ఆ ఆదివారానికి నెవెన వేసుకున్న పథకం చాలా చిన్నది. బాగా పొద్దెక్కేదాకా పడుకోవాలి. లేచి అమ్మ చేసిన జున్ను రొట్టె తినాలి. తిన్నాక మళ్ళీ పడుకోవాలి. బుర్గాస్‌లోని మందుల షాపులో వారమంతా కౌంటరు వెనక నిలబడి, జలుబుకీ దగ్గుకీ మధ్య తేడా చెప్పి చెప్పి అలసిపోయిన మనిషి ఆమె. పుట్టింటికి వచ్చిందే ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడానికి.

ఇంకా తెల్లగా వెలుగు రాకముందే తల్లి జ్లాత్కా వచ్చి దుప్పటి లాగేసింది.

"లే. మీ నాన్న వేటకి బయల్దేరుతున్నాడు."

"వెళ్ళనీ."

"నువ్వూ వెళ్ళాలి."

"నేనా? నేనెందుకమ్మా?"

జ్లాత్కా తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. నిజానికి ఆ ఇంట్లో గొంతు తగ్గించాల్సిన పని లేదు. తండ్రి స్తోయ్కోకి ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది తనకి ఇష్టమైన మాటలకు మాత్రమే పనిచేస్తోంది. అయినా అలవాటు చొప్పున ఆమె గుసగుసగానే చెప్పింది.

"నిన్న గేటు మీద ఆరేసిన నా కోటుని పలకరించాడు. కులాసాయేనా అని అడిగాడు. జవాబు రాలేదని కోపం కూడా తెచ్చుకున్నాడు. కళ్ళలో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పి ఏడాదవుతోంది. వేట సీజను అయ్యాక చూద్దాం అంటాడు. సీజను అయ్యాక, పాదులు తవ్వాలి అంటాడు. ఆ కళ్ళతో తుపాకి పట్టుకుని అడవిలో ఎవరినైనా కాలిస్తే నా గతేమిటి? ఇవాళ నువ్వు పక్కన కూర్చుని చెప్పు. తుపాకి ఇచ్చెయ్యి నాన్నా అను."

"నువ్వు చెప్పొచ్చుగా?"

"నేను చెప్తే వినపడదు. నువ్వు చెప్తే వినపడుతుంది."

నెవెన మంచం అంచున కూర్చుని కాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది. అవి ఇంకా శనివారంలోనే ఉన్నాయి. వాటిని ఎలాగో తండ్రి పాత రబ్బరు బూట్లలో దూర్చి, అమ్మ ఇచ్చిన, వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు చొక్కా పైన తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది.

కూతుర్ని చూసి స్తోయ్కో కళ్ళు చికిలించాడు. ఎవరో గుర్తుపట్టాక మొహం విప్పారింది, ఆ వెంటనే ముక్కు ఎగబీల్చి మొహం ముడుచుకున్నాడు.

"సబ్బుతో మొహం కడుక్కున్నావా?"

"కడుక్కోవద్దా మరి?"

"వేటకొచ్చేవాళ్ళు సబ్బు ముట్టుకుంటారా? పంది కొండ అవతల్నుంచి పసిగట్టేస్తుంది."

ఈ మాట ఆయన నోట్లో సిగరెట్టు, చేతిలో కొరికిన వెల్లుల్లి సాసేజీ పెట్టుకుని అన్నాడు.

కారు ఆయనే నడిపాడు. నడపనివ్వమని నెవెన అడిగితే, ఈ దారిలో కళ్ళు మూసుకుని కూడా పోగలనన్నాడు. అదే తన భయమని ఆమె అనలేదు. రోడ్డు మధ్యలోంచి పోతే రెండు వైపులా ఖాళీ సమానంగా ఉంటుందనేది ఆయన సిద్ధాంతం. అడవి మొదలయ్యేదాకా నెవెన తన వైపు లేని బ్రేకుని రెండు కాళ్ళతోనూ తొక్కుతూనే ఉంది.

వేటగాళ్ళ జట్టు అప్పటికే మంట వేసుకుని చుట్టూ నిలబడి ఉంది. జట్టు నాయకుడు గెంచో. బళ్ళో నెవెన పక్క బెంచీలో కూర్చుని లెక్కలన్నీ ఆమె పుస్తకంలోంచే ఎక్కించినవాడు. ఇప్పుడు బొజ్జ, మీసం, వాకీటాకీ అన్నీ వచ్చాయి. కుక్కలు లోయలోంచి పందుల్ని తరుముతాయి, ఎవరికి చెప్పిన చోట వాళ్ళు కూర్చోవాలి, కూర్చున్న చోటునుంచి కదిలారో జట్టులోంచి తీసేస్తాను, అని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత చోట్లు పంచాడు.

"స్తోయ్కో బాబాయ్, నువ్వు పాత గొర్రెల దొడ్డి దగ్గర."

స్తోయ్కో మొహం కందగడ్డ అయింది. అక్కడ పందులు కనపడి చాలా ఏళ్ళయింది. ముసలివాళ్ళనీ, బంధువుల అల్లుళ్ళనీ ఎవరికీ హాని జరక్కుండా కూర్చోబెట్టే చోటది. ఆయన మంట దగ్గరే కూతురికి ఒక వాకీటాకీ ఇప్పించి, తలెత్తుకుని నడిచాడు. చెట్ల మధ్యకి రాగానే దారి మార్చాడు.

"నాన్నా, గొర్రెల దొడ్డి అటు."

"అక్కడికి పందులు కాదు కదా, ఈగలు కూడా రావు. మనం నక్కల లోయకి పోతున్నాం."

"కదిలితే తీసేస్తానన్నాడు గెంచో."

"కూర్చున్నాక కదిలితే అన్నాడు. మనం ఇంకా కూర్చోలేదుగా? అయినా నేను ఈ అడవిలో తిరిగేనాటికి వాడికి ముక్కు తుడుచుకోవడం రాదు."

వాగు దాటేటప్పుడు ఆయన రాళ్ళ మీద మేకలా గెంతుకుంటూ పోయాడు. కళ్ళు బాగున్న నెవెన మాత్రం నీళ్ళలో కాలేసింది. రబ్బరు బూటులోకి వచ్చిన నీళ్ళు ఆ రోజంతా బూటులోనే ఉన్నాయి.

లోయ పక్కన ఒక పడిపోయిన ఓక్ దుంగ వెనక ఇద్దరూ కూర్చున్నారో లేదో, వాకీటాకీలో గెంచో గొంతు వినపడింది.

"బాబాయ్, చోట్లో కూర్చున్నారా?"

నెవెన తండ్రి వంక చూసింది. ఆయన తలాడించాడు.

"కూర్చున్నాం," అంది నెవెన. ఏ చోట్లో అని గెంచో అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. చలి మాత్రం కింది నుంచి పైకి మెల్లగా ఎక్కింది. మాట్లాడకూడదని స్తోయ్కో వేలు పెదవుల మీద పెట్టి చూపించాడు. ఆ తర్వాత ఆయనే మొదలెట్టాడు. చెవుడున్న మనిషి గుసగుస గుసగుసలా ఉండదు. పంది ఎటునుంచి వస్తుందో, గాలి ఎటు వీస్తోందో, గెంచో తాత ఎంత పిరికివాడో, లోయ అవతలి గట్టుకి కూడా తెలిసేలా రహస్యంగా చెప్పుకొచ్చాడు. నెవెన థర్మాస్ మూత తిప్పితే మాత్రం చప్పుడు చేస్తున్నావని మందలించాడు.

కుక్కల అరుపులు ఎక్కడో దూరంగా వినపడుతున్నాయి, నెవెనకి మాత్రమే. ఇక ఆలస్యం చేస్తే ధైర్యం చాలదనిపించింది ఆమెకి. అడవిలోంచి లేచి ఎక్కడికీ పోలేడు, తలుపు వేసుకోలేడు, పాదులు తవ్వాలనలేడు. కాస్త వినపడే చెవి వైపుకి జరిగి, మందుల షాపులో మొండి ముసలివాళ్ళకి మోతాదు చెప్పే గొంతుతో అంది.

"నాన్నా. తుపాకి ఇచ్చెయ్యి."

స్తోయ్కో తిరిగి చూశాడు. "ఏంటి?"

"తుపాకి. ఇచ్చెయ్యి నాన్నా. ఇంక చాలు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. మబ్బు పట్టినట్టున్న ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

"ఇన్నేళ్ళకి అడిగావమ్మా," అన్నాడు స్తోయ్కో. "మా నాన్న నా చేతికిచ్చినప్పుడు నాకు మీసాలు కూడా రాలేదు. నువ్వు అడుగుతావేమో, అడుగుతావేమో అని చూసి చూసి ఇంక ఆశ వదిలేసుకున్నా." జోడు గొట్టాల తుపాకిని రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డని అందించినట్టు ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇదిగో. నీదే."

"అది కాదు నాన్నా, ఇచ్చెయ్యమంటే..."

"భుజానికి ఆనించు. ఇలా కాదు, ఇలా. చెంప ఆనించు. అబ్బ, ఎంత బాగా పట్టుకున్నావే!"

ఆ మొహం చూశాక అది కాదని చెప్పడానికి నెవెనకి నోరు రాలేదు. కాసేపు పట్టుకుని, ఆయన సంతోషం చల్లారాక మళ్ళీ మొదటినుంచి చెబుదామనుకుంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా పొదలు ఫెళఫెళమన్నాయి. నల్లటిదేదో బండరాయిలా వాళ్ళ మీదికే దొర్లుకొచ్చింది. నెవెన కెవ్వుమని అరిచి, కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, చేతికి ఏది దొరికితే దాన్ని గట్టిగా నొక్కేసింది.

కళ్ళు తెరిచేసరికి ఆమె వెల్లకిలా పడి ఉంది. భుజం తనది కాదన్నట్టుంది. పైన కొమ్మల్లోంచి ఆకులు నింపాదిగా రాలుతున్నాయి. దుంగకి అవతల నల్లటిది కాళ్ళు చాచి కదలకుండా పడుంది.

"పడింది!" అని కేకేశాడు స్తోయ్కో. "ఒక్క దెబ్బకి! మొదటి దెబ్బకి!" ఆయన దుంగ దాటి పరుగున వెళ్ళి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వీపు నిమిరాడు, మెడ నిమిరాడు. చెవి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ చెవిని మళ్ళీ తడిమాడు.

"నెవెనా. ఇలా రా. దీని చెవి ఎలా ఉంది?"

"కోసినట్టుంది నాన్నా."

"గాటు పెట్టినట్టా?"

"అలాగే ఉంది."

స్తోయ్కో నేల మీద చతికిలబడ్డాడు. ఊళ్ళో వాళ్ళు గుర్తుకోసం తమ పెంపుడు పందులకే చెవికి గాటు పెడతారు. ఇటువైపు అడవిలో మేసేవి కేరా పందులు. కేరా విధవరాలు. ఆమె నల్లపందులు పగలంతా అడవిలో ఓక్ కాయలు తిని పొద్దుపోయేసరికి ఇల్లు చేరతాయి. చూడ్డానికి అచ్చం అడవిపందుల్లాగే ఉంటాయి. ఇక కేరా నోరంటే ఊళ్ళో కుక్కలకి కూడా హడలు.

"బాగా చూడు. ఇది అడవి పందా, ఇంటి పందా?"

"నన్నడుగుతావేంటి నాన్నా? నాకు రెండూ పందులే. నువ్వు చూడు."

స్తోయ్కో తల వంచుకున్నాడు. "నాకు కనపడదమ్మా," అన్నాడు. మొట్టమొదటిసారిగా నిజంగా గుసగుసగా అన్నాడు. "చాన్నాళ్ళయింది. ముందు మసక, తర్వాత బూడిద. నేనిక్కడికొచ్చి ఊరికే చప్పుడు వింటూ కూర్చుంటా."

"నీకు చెవులు కూడా వినపడవు కదా నాన్నా!"

"అందుకే ఎవరినీ కాల్చలేదు ఇన్నాళ్ళూ."

అంతలో వాకీటాకీ గరగరమంది.

"ఎవరు కాల్చింది? నక్కల లోయ వైపు తుపాకి పేలింది. ఎవరది?" అంటూ గెంచో ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగాడు. నేను కాదంటే నేను కాదన్నారు. "స్తోయ్కో బాబాయ్, మీరా?"

స్తోయ్కో కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. నెవెన మీట నొక్కింది. "మేం కాదు. మేం గొర్రెల దొడ్డి దగ్గరున్నాం. ఇక్కడ ఈగలు కూడా లేవు."

"అయితే దొంగ వేటగాడే!" గెంచో గొంతులో ఉత్సాహం పొంగింది. "ఒరేయ్, అందరూ నక్కల లోయని చుట్టుముట్టండి. ఇవాళ వదిలిపెట్టొద్దు. బాబాయ్, నువ్వూ నెవెనా అక్కడే ఉండండి, ఇటు రాకండి, ప్రమాదం."

"ఏమంటున్నాడు?" అనడిగాడు స్తోయ్కో.

"మనల్ని పట్టుకోడానికి వస్తున్నారు."

స్తోయ్కో లేచి నిలబడ్డాడు. ఆయన వయసు ఒక్కసారిగా తగ్గినట్టయింది. "విను. కాల్చింది నేను. నువ్వు థర్మాస్ పట్టుకుని కూర్చున్నావు. అంతే."

"నేనే కదా నాన్నా కాల్చింది..."

"నోర్మూసుకో. నీకు లైసెన్సు లేదు. ఈ సంగతి పోలీసుల దాకా పోతే నీ ఉద్యోగం ఉంటుందా? నాకు పోయేదేముంది, పరువు తప్ప." అంటూనే ఆయన పంది మీదికి ఎండుటాకులు ఎగదోశాడు. "వాళ్ళొచ్చేలోగా కేరాతో మాట్లాడేద్దాం. పందికి పంది ఇస్తానని చెప్పు. అల్లరి చెయ్యొద్దని చెప్పు. మీ అమ్మకి మాత్రం తెలియనివ్వొద్దను."

లోయలో ఫోను అందదు. నెవెన తడి బూటుతో బండ ఎక్కి, చెయ్యి పైకెత్తి, ఫోను అందే చోటు వెతికి కేరాకి ఫోన్ చేసింది. పరుగుకి రొప్పు, చలికి వణుకు, భుజం నొప్పికి ఏడుపు, మూడూ కలిసి ఆమె గొంతులోకి వచ్చేశాయి.

"కేరా అత్తా, నక్కల లోయలో నాన్న తుపాకి పేల్చాడు. నీ పంది అక్కడికక్కడే పోయింది. పొరపాటైపోయింది. అల్లరి చెయ్యకు. మా అమ్మకి చెప్పకు."

అవతలి వైపు కేరాకి వినపడింది ఇంతే: "నక్కల లోయలో... నాన్న... తుపాకి... అక్కడికక్కడే పోయి... అమ్మకి చెప్పకు." తర్వాత ఏడుపు. ఆ తర్వాత ఫోను కట్టయిపోయింది.

అమ్మకి చెప్పకు అన్నారంటే ముందు చెప్పాల్సింది అమ్మకేనని కేరాకి తెలుసు. చెప్పులు వేసుకోకుండా పరిగెత్తింది.

నెవెన బండ దిగి వచ్చేసరికి స్తోయ్కో పంది మీద ఎండుటాకులు కుప్పపోసి, ఆ కుప్ప మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. కూర్చున్నది మెత్తగా ఉంది. వేరే రోజైతే ఆమెకి అక్కడే నిద్ర పట్టేసేది.

చెట్ల మధ్యలోంచి నాలుగు వైపులా తుపాకులు పట్టుకుని జట్టు వచ్చింది. ముందు గెంచో, వంగి వంగి నడుస్తున్నాడు. దుంగ చాటునుంచి లేచి, ఎదురుగా తండ్రీకూతుళ్ళని చూసి నోరు తెరిచాడు.

"బాబాయ్! నువ్విక్కడేంటి? దొంగేడి?"

"అటు పోయాడు," అని స్తోయ్కో రొట్టె ముక్కతో చూపించాడు.

జట్టంతా అటు పరిగెత్తింది. కుక్కలు మాత్రం పరిగెత్తలేదు. అవి స్తోయ్కో చుట్టూ చేరి, ఆయన కింది ఆకుల్ని కాళ్ళతో గబగబా తవ్వడం మొదలెట్టాయి. ఆయన ఛీ, పో అంటూ ఒకదాన్ని తోస్తే రెండు వచ్చాయి. పిలిచినా కుక్కలు రావడంలేదేమిటా అని గెంచో వెనక్కి తిరిగి వచ్చేసరికి ఆకుల్లోంచి ఒక నల్లటి కాలు బయటపడింది.

గెంచో కాలుని చూశాడు. స్తోయ్కోని చూశాడు. నోరు తెరవబోయాడు. అంతలో అడవి బాటలో ట్రాక్టరు చప్పుడు, దాన్ని మించి ఒక ఆడగొంతు శోకాలు వినపడ్డాయి.

ట్రాక్టరు నడుపుతున్నది కేరా. వెనక ట్రాలీలో జ్లాత్కా నిలబడి ఉంది. చేతుల్లో స్తోయ్కో బూడిదరంగు సూటు, కొత్త బూట్లు. శవానికి బట్టలు ఒళ్ళు బిగుసుకోకముందే తొడగాలి కదా అని పెట్టెలోంచి తీసి పట్టుకొచ్చింది.

"ఓ నా తండ్రో, ఓ నా దేవుడో! బంగారంలాంటి మనిషి! ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదే! తెచ్చింది తెచ్చినట్టు నా చేతిలో పెట్టేవాడే! ఆ చేతులు చల్లబడిపోయేలా చేశావా దేవుడా!"

"ఎవరు పోయారు?" అని స్తోయ్కో కూతుర్ని అడిగాడు.

"నువ్వే."

ఆయన శ్రద్ధగా ఇంకాసేపు విన్నాడు. "ఈ మాటలు నాతో ఎప్పుడూ అనలేదే," అన్నాడు.

జట్టు మధ్యలో, ఆకుల కుప్ప మీద, రొట్టె పట్టుకుని కూర్చున్న మొగుణ్ణి జ్లాత్కా అప్పుడు చూసింది. శోకం సగంలో ఆగిపోయింది. మొదట ఒక బూటు వచ్చింది, తర్వాత రెండోది. రెండూ తగిలాయి.

"బతికే ఉన్నావా? బతికి ఉండి నన్ను ఇంత ఏడిపిస్తావా? చర్చిలో చావు గంట కొట్టమని చెప్పొచ్చానే! ఇప్పుడు ఫాదరు మొహం ఎలా చూడను?"

"మరి పోయిందెవరు?" అని కేరా ట్రాక్టరు దిగుతూ అడిగింది.

స్తోయ్కో లేచి నిలబడి, నెత్తిమీద టోపీ తీశాడు.

"నీ పంది, కేరా. నేనే కాల్చాను. గెంచో ఇచ్చిన చోటు వదిలి ఇక్కడికొచ్చింది నేనే. కనపడక కాల్చాను. అమ్మాయికేం సంబంధం లేదు."

నెవెన ముందుకి అడుగేసింది. తండ్రి చెయ్యి వెనక్కి వచ్చి ఆమె మణికట్టుని పట్టుకుంది. ఆ పట్టు చూస్తే ఆయనకి కళ్ళూ చెవులూ పోయాయి కానీ చేతులు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

కేరా ఆకులు అటూ ఇటూ తన్ని, గాటున్న చెవిని ఒకసారి చూసి గుండెలు బాదుకుంది. అది తన ఆడపందేనని, దానంత బుద్ధిమంతురాలు ఊళ్ళో మనుషుల్లో కూడా లేదని, స్తోయ్కో పుట్టినప్పుడే మంత్రసాని కాస్త కళ్ళు తుడిచి ఉంటే ఇలా అయ్యేది కాదని అరిచింది. నాకు అడవిపందిలానే కనిపిస్తోందని గెంచో ఏదో అనబోతే, నా పంది నాకు తెలీదా, నువ్వు చెప్పాలా అని వాడినీ కలిపి తిట్టింది. పందిని ట్రాలీలోకి ఎక్కించేదాకా నిలబడింది. జ్లాత్కా సూటు దులుపుకుని పంది పక్కనే కూర్చుని ఇంటికి బయల్దేరింది.

ట్రాక్టరు వెళ్ళిపోయాక గెంచో గొంతు సవరించుకున్నాడు. వాడికి కూడా ఆ పని ఇష్టంగా లేదు. "బాబాయ్, ఈ సీజనుకి ఇంక..."

"ఈ సీజనొక్కటే కాదురా," అన్నాడు స్తోయ్కో. తుపాకిలోంచి మిగిలిన తూటా తీసి జేబులో వేసుకుని, ఖాళీ తుపాకిని గెంచో చేతిలో పెట్టాడు. "ఇంక నాకెందుకు? నీ దగ్గరే ఉంచు."

తిరిగి వచ్చేటప్పుడు అడగకుండానే కారు తాళాలు కూతురికి ఇచ్చాడు. దారిపొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏం కనపడుతోందో ఆమె అడగలేదు. ఏ పని మీద వచ్చిందో ఆ పని అయిపోయింది. ఇంత దిగులుగా ఎందుకుందో నెవెనకి అర్థం కాలేదు.

"నాన్నా, నేను ఇచ్చెయ్యమన్నది..."

"తెలుసు," అన్నాడు ఆయన, కిటికీ వైపే చూస్తూ. "తుపాకి గెంచో చేతిలో పెడుతుంటే తెలిసింది. మీ అమ్మ పంపిందా?"

"ఊఁ."

"అయినా బాగా పట్టుకున్నావు."

ఆ రోజు జ్లాత్కా సంతోషం పట్టలేక క్యాబేజీతో కోడి వండింది. సూటుని బ్రష్షుతో తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టింది. వారం మధ్యలో ఆపరేషన్ కోసం డాక్టరు దగ్గరికి వెళ్దామంది. స్తోయ్కో సరేనన్నాడు. ఏం చెప్పినా సరేనన్నాడు. అలా సరేననే మొగుడు జ్లాత్కాకి కొత్త. పళ్ళెం తీస్తూ రెండుసార్లు ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

సోమవారం పొద్దున నెవెన బుర్గాస్ బయల్దేరడానికి సంచీ సర్దుకుంటుంటే గేటు చప్పుడైంది. కేరా వచ్చింది. భుజాన బట్టలో చుట్టిన పంది తొడ ఉంది. వెనకాలే గెంచో, చేతిలో స్తోయ్కో తుపాకి. ఆ వెనక జట్టులో సగం మంది.

"నా పందులన్నీ నిన్న సాయంత్రం ఇంటికొచ్చాయి," అంది కేరా, తన మీదే కోపంగా ఉన్నట్టు. "ఒక్కటీ తక్కువ లేదు. ఆడపంది అన్నిటికంటే ముందొచ్చి తొట్టి దగ్గర నిలబడింది. చచ్చింది అడవిదే. చెవి ఎవరి కుక్కో పీకినట్టుంది. ఇదిగో తొడ. మిగతాది సాసేజీలు కూరేశాను, అవి మాత్రం ఇవ్వను."

గెంచో ముందుకొచ్చి, వేట కొట్టినవాడికి చేసే మర్యాదగా స్తోయ్కో టోపీలో ఓక్ రెమ్మ గుచ్చాడు. "బాబాయ్, క్షమించు. అంత దట్టమైన పొదలోంచి వస్తున్నదాన్ని ఒక్క తూటాకి, అదీ సరిగ్గా మెడకింద! మా జట్టు మొత్తానికి ఈ ఏడాది పడింది అదొక్కటే. నీ తుపాకి తీసుకో. చోటు మారావంటే ఊరికే మారతావా, మాకే తెలియలేదు."

జ్లాత్కా గుమ్మంలోంచి కూతురి వంక చూసింది, ఇదంతా ఆమే చేసిందన్నట్టు.

స్తోయ్కో తుపాకి అందుకోలేదు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఆ పాత వెలుగు వచ్చింది. నెవెన అది చూసింది. తర్వాత ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దురా గెంచో. నా కళ్ళు బాగాలేవు. ఎదురుగా ఉన్న నీ మీసం కూడా నాకు సరిగ్గా కనపడదు."

జట్టంతా పగలబడి నవ్వింది. "విన్నారా! మెడకింద కొట్టినవాడు కళ్ళు కనపడవంటున్నాడు!" అన్నాడు గెంచో, ఆయన వీపు మీద చరుస్తూ. "ఇంత వయసొచ్చినా ఎంత అణకువ చూడండి!"

"నిజమేరా. కాల్చింది నేను కాదు."

నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఇక లాభం లేదని నెవెన సంచీ కింద పెట్టి ముందుకొచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, కనీసం నిద్రైనా దక్కుతుంది అనుకుంది.

"నేనే కాల్చాను," అంది స్పష్టంగా. "కళ్ళు మూసుకుని."

ఈసారి జ్లాత్కా కూడా నవ్వింది. గెంచో కళ్ళు తుడుచుకుంటూ, తండ్రికి తగ్గ కూతురు అన్నాడు. వచ్చే ఆదివారం లోయ మొదట్లో మంచి చోటు బాబాయ్‌దేనని, నెవెన కూడా తప్పకుండా రావాలని, థర్మాస్ పట్టుకోవడానికి ఒకరుండాలి కదా అని చెప్పి, తుపాకిని తనే లోపలికి తీసుకెళ్ళి గోడమేకుకి తగిలించాడు.

తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నెవెనకి ఆదివారం చాలా దగ్గర్లో ఉన్నట్టనిపించింది. స్తోయ్కో చేసేదేం లేక తొడ అందుకుని భార్యకి ఇచ్చాడు.

అందరూ నవ్వుతుంటే నవ్వకుండా నిలబడింది కేరా ఒక్కతే. ఇంటికి పోతూనే ఆమె దొడ్డి కంచెకి ఇంకో వరస ముళ్ళతీగ బిగించి, ఇక మీదట ఆదివారాలు పందులకి అడవి సెలవని చెప్పేసింది.